గిన్నెలో మిగిలిన పిడికెడు

పోయినేడు ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం సీతారామాంజనేయులు గారు తిన్నది పిడికెడు చప్పటి అన్నం. ఉప్పు లేదు, కూర లేదు, సగం మెతుకు, సగం పలుకు, పంటి కింద సూర్యలంక సముద్రపొడ్డు ఇసుక. ఇంటి నుంచి క్యారియర్‌లో దొండకాయ వేపుడూ పెసరకట్టూ మాగాయా పట్టుకెళ్ళారు గాని అవి తిన్నది ఆయన కాదు, మహాలక్ష్మి. ఆవిడ మూతి చుట్టూ మేకప్పు కుర్రాడు పుళ్ళు అతికించాడు, ఎర్రరంగూ పచ్చటి జిగురూ కలిపి, నిజంగానే ఈగలు వాలేటట్టు. చెయ్యి తగిలితే ఊడిపోతాయి, మళ్ళీ గంట కూర్చోవాలి అన్నాడు. అందుకని సరుగుడు చెట్ల నీడలో ఆవిడ పిచ్చుకపిల్లలా నోరు తెరుచుకుని కూచుంటే, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన ముద్దలు కలిపి పెట్టారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారండీ అంటూనే క్యారియరంతా తినేసింది. తిన్నాక అడిగింది, మీరు తిన్నారా అని. తిన్నాలే, వాళ్ళతో పాటు, అన్నారు. అబద్ధం. షూటింగు వాళ్ళ భోజనాల దగ్గర బిర్యానీ డేగిశాల చుట్టూ ఒళ్ళంతా చీమూ నెత్తురూ పూసుకున్న మనుషులు కోడి ఎముకలు చీకుతూ, నవ్వుకుంటూ, ఒకళ్ళ పుళ్ళు ఒకళ్ళు ఫోటోలు తీసుకుంటూ ఉంటే ఆయనకి కడుపులో తిప్పి అటు వైపే పోలేదు.

ఇవాళా అదే తిప్పుడు. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఇంకా కదల్లేదు. పెట్టె చివర ఖాళీ చేపల టబ్బులు ఒకదాంట్లో ఒకటి దోపి పెట్టి ఉన్నాయి, పొద్దుటి చేపల నీళ్ళు వాటి అడుగున ఇంకా మిగిలినట్టున్నాయి, ఆ వాసన ఎదురుగా వచ్చి కూచుంది. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి మానేశారు, ఆ టబ్బుల మనిషి చూస్తే బాధపడుతుంది. కిటికీ వైపు తిరిగారు. అయినా ఈ వెగటు చేపలది కాదు. శివనాగరాజు వాళ్ళింట్లో ఇడ్లీ తిన్నప్పుడు బాగానే ఉన్నారు, కాఫీ తాగినప్పుడూ బాగానే ఉన్నారు. ఆ తరవాత వాడు చెప్పిన మాటే ఇంకా అరగలేదు.

శివనాగరాజు మహాలక్ష్మి అక్క కొడుకు. తెనాలిలో నాటకాల వాళ్ళకి డ్రెస్సులూ కిరీటాలూ అద్దెకిచ్చే కొట్టు నుంచి మొదలై, ఇప్పుడు టీవీ వాళ్ళకి ఈ ప్రాంతంలో షూటింగు ఉంటే మనుషుల్నీ సామాన్లనీ సమకూర్చే పని చేస్తున్నాడు. 'కడపటి కాలువ'కి కూడా వాడే. సముద్రం తెనాలి దాకా వచ్చేసి, భూమంతా ఉప్పుబారిపోయి, ఒక్క కాలువలోనే తియ్యటి నీళ్ళు మిగిలితే ఆ నీళ్ళ కోసం మనుషులు ఏం చేస్తారనేది కథ. ఎనిమిది ఆదివారాలు వచ్చింది. ముసలమ్మ వేషానికి అనుకున్న ఆవిడ రాకపోతే, వాడు బాపట్ల నుంచి ఫోన్ చేసి, పిన్నీ నువ్వు రావే, రెండు ముక్కలే, గంటలో అయిపోద్ది అన్నాడు. ఆవిడ సరదాపడి ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని వెళ్ళింది. వాళ్ళు ఆ చీర విప్పించి గోనెపట్టా లాంటిది కట్టించారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు దాని గురించే నవ్వుతూ ఉంది, జరీ అంచు కట్టుకుని పోయి గోనె కట్టుకుని చచ్చానండీ అని. ఎపిసోడ్ టీవీలో రాకముందే, శ్రావణమాసంలో, నాలుగు రోజుల జ్వరానికి నిజంగానే పోయింది.

పొద్దున శివనాగరాజు ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుని, బాబాయ్, మంచి వార్త, రెండో భాగం తీస్తున్నారు అన్నాడు. పిన్నికి వచ్చిన పేరు ఎవరికీ రాలేదు, పిన్ని మళ్ళీ కావాలంటన్నారు. పోయిన మనిషిని ఎక్కడ తెస్తార్రా అంటే వాడు ఫోన్ తీశాడు. కంప్యూటర్లో చేస్తారంట. ఆ రోజు తీసిందంతా, గొంతుతో సహా, వాళ్ళ దగ్గర ఉంది, దాన్ని బట్టి మొహమూ నడకా మాటా అచ్చం పుట్టిస్తారు. నమూనా వినండి అని నొక్కాడు. "ఏమండీ, భోజనం చేశారా?" అంది మహాలక్ష్మి. అదే గొంతు. చివర కొంచెం పైకి లేచే ఆ రాగం అదే. ఇంకోసారి పెట్టు అన్నారు. పెట్టాడు. ఇంకోసారి అనబోయి ఆగారు. ఆవిడ ఏనాడూ భోజనం చేశారా అనలేదు, తిన్నారా అనేది, దానికి ముందు నాలుకతో చిన్న చప్పుడు చేసేది, అది వాళ్ళకి ఎలా తెలుస్తుంది. తెలియకపోయినా ఏం, గొంతు గొంతే. ఆర్నెల్ల నుంచీ వినని గొంతు. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. అంతలో వాడు రెండో భాగంలో ఆవిడ ఏం చేస్తుందో చెప్పాడు.

బండి కుదుపుతో కదిలింది. స్టేషన్ దాటగానే కాలువ, దాని నిండా గుర్రపుడెక్క, దాని మీద ప్లాస్టిక్ సంచులు, చచ్చిన కుక్క కాబోలు ఏదో ఉబ్బి తేలుతోంది, దాని పక్కనే ఒక కొంగ ఒంటికాలి మీద తెల్లగా, ఏమీ అంటనట్టు. ఆయన కొంగని చూశారు. ఇలాంటి కాలువల మీదే లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. లాకు తలుపులు ఎత్తే చక్రాలకి గ్రీజు రాయించడం, నీళ్ళ వంతు కోసం కర్రలు పట్టుకుని వచ్చిన రైతులకి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టడం, అదే ఉద్యోగం. ఆ సీరియల్లో లాకు చక్రానికి మనుషుల్ని కట్టి తిప్పారు. నాలుగో వారం. చక్రం తెనాలిలోనే, ఇనుప తుక్కుతో బొమ్మలు చేసేవాళ్ళ చేత చేయించాను బాబాయ్, ఎంత బాగా కుదిరిందో అన్నాడు శివనాగరాజు. కుదిరింది, నిజమే. ఎముకలు విరిగే చప్పుడు కూడా కుదిరింది. ఆయన టీవీ ఆపేసి వీధరుగు మీద కూచున్నారు ఆ రాత్రి. వీధిలో అన్ని ఇళ్ళలోంచీ అదే చప్పుడు వినపడింది, ఒకే చప్పుడు, ఒక్కో ఇంట్లో ఒక్క క్షణం తేడాతో.

"ఏందమ్మాయ్, ఇంకా అదే చూస్తన్నావా? నిన్న అయిపోయిందిగా."

ఆ మాటన్నది పక్క సీట్లో పెద్దమనిషి. ఎక్కిన దగ్గర్నుంచీ ఫోన్లో గట్టిగా మాట్లాడటం వల్ల పేరు నాగమల్లేశ్వరరావనీ వేమూరులో పురుగుమందుల కొట్టనీ పెట్టె మొత్తానికి తెలుసు. అడిగింది ఎదురు సీట్లో కిటికీ పక్క అమ్మాయిని. మెడలో తెనాలి బట్టల కొట్టు వాళ్ళ కార్డు వేలాడుతోంది, ఝాన్సీ అని.

"నిన్న కరెంటు పోయిందన్నయ్యా. సగమే చూశా."

"చూడకపోయినా నీకు పోయేదేం లేదు. ఎనిమిది వారాలు, మనిషిని మనిషి పీక్కుతినటం. మా ఆవిడ అన్నం తింటా చూసుద్ది, నాకు కంచం వదిలేసి లేచిపోవాలనిపిచ్చుద్ది."

"మరి మానెయ్యకపోయారా?"

"ఎట్టా మానతాం? తర్వాత ఏమవుద్దో తెలవాలిగా!"

నలుగురు నవ్వారు. సీతారామాంజనేయులు గారు నవ్వబోయి ఆగారు. తనూ మానలేదు. నాలుగో వారం టీవీ ఆపేసిన మనిషి ఐదో వారం మళ్ళీ పెట్టారు, మహాలక్ష్మి ఎప్పుడొస్తుందో అని. వచ్చింది ఏడో వారం. వస్తున్నట్టు తెలియగానే, గోనెపట్టా అంచు కనపడగానే ఆపేశారు. ఆవిడ చావడం మళ్ళీ చూడలేరు. కానీ ఆ మర్నాటి నుంచీ జనం రాసినవి మాత్రం చదివారు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒక్కోటీ. ఆ ముసలమ్మకి దండం అని ఒకళ్ళు. ఓవర్ యాక్షన్ ఆంటీ అని ఒకళ్ళు. మా నాయనమ్మ గుర్తొచ్చి ఏడ్చాను. తెలుగువాళ్ళకి ఇలాంటివి ఎందుకు, చేతకాదు. ఇన్నాళ్ళకి మన మట్టి వాసన ఉన్న కథ. వాంతి వచ్చింది, డబ్బులు తిరిగివ్వండి. కింద ఇంకొకడు, టీవీలో ఉచితంగా వస్తుంటే డబ్బులేంట్రా అని. ఎవరో ఆవిడ మొహాన్ని కోసి, పుళ్ళతో సహా, గిన్నె మీద కంచం మూస్తున్న బొమ్మ చేసి, మా హాస్టల్లో సాంబారు అని రాశారు. దానికి నవ్వే మొహాలు వేలకి వేలు. ఆ పుళ్ళ మధ్య ఆవిడ కళ్ళు చూసి ఆయన ఫోన్ బోర్లా పెట్టేశారు. బోర్లా పెట్టిన ఫోన్ కూడా బల్ల మీద టిక్కుటిక్కుమంటూనే ఉంది.

జంపని దాటింది. రెండు వైపులా మినుపచేలు, పొద్దు వాలి వాటి మీద పసుపుగా పరుచుకుంది. చేపల టబ్బుల మనిషి ఒళ్ళో బత్తాయి ఒలుస్తోంది, ఆ తొక్క వాసన ఒక్కసారి గాలిలో తేలి వచ్చి కంపునంతా ఒక పక్కకి నెట్టింది. ఆ కాసేపే. అయినా ఆయన మనసులో ఆవిడకి దండం పెట్టుకున్నారు. డిగ్రీ రెండో ఏడు బాపట్లలో చదివేటప్పుడు ఆ పెద్ద తుఫాను వచ్చింది, సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. సాయానికి వెళ్ళిన కుర్రాళ్ళలో ఆయనా ఉన్నారు. వారం తరవాత కూడా చేతులకి ఆ వాసన పోలేదు, ఎంత సబ్బు రుద్దినా. ఉంగరాల కోసం వేళ్ళు కోసినవాళ్ళని చూశారు. ఒక్క కొబ్బరికాయ ఉంటే అది కొట్టి, తెలియని వాళ్ళ పిల్లల నోట్లో పోసిన మనిషినీ చూశారు. ఆ ఊరు ఏదో, ఆ మనిషి ఎవరో తెలియదు. సీరియల్లో చూపించిందంతా అబద్ధం అని ఆయన అనరు. అనలేరు. సగం చూపించారు. ఆ సగాన్నే ఎనిమిది వారాలు తిప్పి తిప్పి, దగ్గరగా, చీము మెరిసేటట్టు. రెండో సగం ఒక్కచోట, పొరపాటున వచ్చింది. దాన్ని కూడా ఇప్పుడు...

"నాకు కడుపు మండింది ఎక్కడంటే," అంటున్నాడు నాగమల్లేశ్వరరావు, "ఆ ముసలామె దగ్గర. జనం తుంగదుంపలు పీక్కుని తింటా ఉంటే, ఆవిడ దగ్గర గుప్పెడు బియ్యం ఉంటయ్యి. వండుద్ది. పిల్లకాయలిద్దరికీ పెట్టుద్ది. సరే, బాగుంది. తనకని ఉంచుకున్నదాంట్లో కాస్త గిన్నెలో వదిలేసి కంచం మూసి పడుకుంటదంట! తెల్లారేసరికి చస్తది. ఆకలితో చచ్చే మనిషి అన్నం మిగులుస్తదా? లాజిక్ ఉండక్కర్లా?"

"మా అమ్మమ్మ అంతే అన్నయ్యా. రాత్రి గిన్నె ఖాళీగా ఉంచనిచ్చేది కాదు. వేళగాని వేళ ఎవరన్నా వస్తే అని."

"మీ అమ్మమ్మకి గాదెలో వడ్లు ఉన్నయ్యమ్మా! ప్రపంచం మునిగిపోయినాక ఎవరొస్తారు, చుట్టాలా?"

"చుట్టాలు ఎప్పుడైనా వస్తారు," అంది చేపల టబ్బుల మనిషి బత్తాయి తొన నోట్లో వేసుకుంటూ. "ప్రపంచం మునిగితే ఇంకా ముందొస్తారు." మళ్ళీ నవ్వులు. "ఆవిడెవరో గాని పద్ధతి తెలిసిన మనిషి. టీవీ వాళ్ళకేం తెలుసు అయ్యన్నీ."

టీవీ వాళ్ళకి తెలియదు. వాళ్ళు రాసుకున్నదాంట్లో ముసలమ్మ ఆఖరి మెతుకు దాకా గీకి, గిన్నె నాకి పడుకోవాలి. మహాలక్ష్మి పిల్లలకి పెట్టింది, తను రెండు ముద్దలు తిన్నట్టు చేసింది, పిడికెడు గిన్నెలో వదిలి, కంచం మూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. హైదరాబాదు కుర్రాడు, డైరెక్టరు, ఆపమని కేకేసి పరుగెత్తుకు వచ్చాడు. ఎందుకు మిగిల్చారమ్మా? ఆవిడ బిక్కచచ్చిపోయి, రాత్రికి గిన్నె ఖాళీగా పెట్టకూడదు కదా నాయనా, అంది. ఇలాగే ఉంచుదాం అన్నాడు. మంచి కుర్రాడే. కళ్ళు తడిశాయి కూడా. ఆ కుర్రాడే ఇప్పుడు, జనం లాజిక్ లేదంటున్నారు, లాజిక్ పెడదాం అన్నాడట. శివనాగరాజు కాఫీ గ్లాసు తిప్పుతూ, ఆయన మొహం చూడకుండా చెప్పాడు. రెండో భాగంలో వెనక్కి వెళ్ళి చూపిస్తారంట, ఆ ముసలమ్మ రోజూ అలాగే మిగిల్చేదంట. ఆ మెతుకుల్లో మందు కలిపేదంట. ఆకలేసి ఎవడో దొంగతనంగా వచ్చి తినేవాడు. పొద్దున్నే వాణ్ణి లోపలికి లాక్కుని... పిల్లలు బతకాలి కదా బాబాయ్, వాళ్ళకి పెట్టటానికి. పెద్ద మలుపు, ఎవరూ ఊహించరు. బంధువులు ఒప్పుకుంటేనే మొహం వాడతారంట, మీరు రేపల్లె చేరేలోపు ఒక్క మాట చెప్పండి, రేపు వాళ్ళు హైదరాబాదులో కూర్చుంటున్నారు.

ఎర. ఆ పిడికెడూ ఎర. మహాలక్ష్మి ఆ గొంతుతో, అచ్చం ఆ గొంతుతో, భోజనం చేశారా అని ఎవడో ఆకలిగొన్నవాణ్ణి పిలుస్తుంది, గిన్నె మీద కంచం తీస్తుంది. ఆయన కిటికీ ఊచ పట్టుకున్నారు. తుప్పు చేతికంటింది. వేమూరులో బండి ఆగింది, నాగమల్లేశ్వరరావు సంచి తీసుకుని, వస్తానమ్మాయ్, రెండో భాగం కూడా చూస్తాంలే, చచ్చేదాకా తిడతా చూస్తాం, అని దిగిపోయాడు. దిగి, ప్లాట్‌ఫాం మీదికి జారిపోయిన ఆయన జేబురుమాలు తీసి కిటికీలోంచి అందించాడు. "పెద్దాయనా, ఒంట్లో బాగాలేదా? నీళ్ళు తాగండి." తన సీసా కూడా ఇచ్చేవాడే, బండి కదిలింది. ఇంత మంచివాడికి లాజిక్ కావాలి. ఏం చేస్తాం.

వద్దు అనడం తేలికే. తేలిక కాదు. వద్దంటే ఆ గొంతు ఉండదు. శివనాగరాజు ఫోన్‌లోంచి కూడా తీసేస్తారేమో. సరే అంటే ఏడాదిలో ప్రతి ఆదివారం రాత్రీ ఆవిడ ఇంటికొస్తుంది, నడుస్తుంది, మాట్లాడుతుంది. మొహం చూడకుండా గొంతు మాత్రం వినొచ్చు, టీవీకి వీపు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ మాటలు ఎవరితో దేనికంటోందో పట్టించుకోకుండా. ఛీ. అలా అనుకున్నందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. పుట్టినా ఆ ఆలోచన పోలేదు, గోడ పక్కన నక్కిన పిల్లిలా అక్కడే కూచుని ఉంది. పెనుమర్రు. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. లైట్లు వెలిగాయి.

"మీరు చూశారా బాబాయ్ గారూ?" అంది ఝాన్సీ. ఆయన తన ఫోన్ వైపే చూస్తున్నారనుకున్నట్టుంది.

"ఆ ముసలమ్మది మాత్రం చూడలేదమ్మా."

"అయ్యో, అదే చూడాల్సింది. ఉండండి." వద్దనేలోపు ఆ పిల్ల లేచి వచ్చి పక్కన కూచుంది, పోయిన వారం భాగం తెరిచి, వేలితో ముందుకీ వెనక్కీ జరిపి, తెర ఆయన మొహానికి దగ్గరగా పట్టుకుంది. తెర మూలన పగిలి ఉంది. బండి చప్పుడులో మాటలు వినపడటం లేదు. అదే మేలయింది. గోనెపట్టా. పుళ్ళు. అరచెయ్యంత తెరలో ఆవిడ అరచెయ్యి, అటూ ఇటూ పిల్లలకి ముద్దలు పెడుతోంది, మధ్యలో చిన్నదాని మూతి తుడిచింది, అది కూడా ఎవరూ చెప్పి ఉండరు. తనకని రెండు ముద్దలు. ఆపింది. గిన్నెలోకి చూసింది. కంచం తీసుకుంది, మూసింది. మూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ తల పక్కకి తిప్పింది, తెర అంచు దాటి ఎటో, ఒక్క క్షణం, నుదురు ముడిచి. మళ్ళీ తల దించుకుంది.

"ఇదిగో ఇక్కడే అందరూ తప్పంటన్నారు," అంది ఝాన్సీ. "యాక్టింగ్ రాక ఎటో చూసింది, డైరెక్టర్ చూసుకోలేదు అని. నాకు మాత్రం తప్పులా అనిపించలా. ఎవరినో పిలుస్తున్నట్టు లేదూ?"

ఆ పక్కన, తెర అంచు అవతల, కెమెరాకీ గొడుగులకీ వెనకాల, సరుగుడు మాను కింద ఖాళీ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని ఎవరు కూచున్నారో ఆయనకి తెలుసు. ఆ నుదుటి ముడి కూడా తెలుసు. తిన్నానని అబద్ధం చెప్పిన రోజు ఆవిడ మొహంలో పడే ముడి అది. అందరూ సామాను సర్దుకుంటూ ఉంటే ఆవిడ పుళ్ళు కూడా తీయించుకోకుండా, గోనెపట్టా ఈడ్చుకుంటూ, ఆ గిన్నె పట్టుకుని ఇసుకలో నడిచి వచ్చింది. నాలుకతో చప్పుడు చేసింది. తిన్నారా, తిన్నానని నాకు చెప్పకండి, మొహం చూస్తే తెలియట్లా, ఇదన్నా తినండి, వీళ్ళు ఎలాగూ పారబోస్తారు. మరి ఆ అబ్బాయితో అలా చెప్పావేం, అంటే, అంతమందిలో మా ఆయన తినలేదని చెప్పమంటారా, అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుళ్ళు పగిలి ఒకటి ఊడి ఇసుకలో పడింది. ఆయన ఆ అన్నం తిన్నారు. చప్పటిది, పలుకుది, ఇసుకది. ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని ఆఖరి మెతుకు దాకా చూసింది. ఇన్నాళ్ళూ ఆ మాట వేళాకోళమనీ, గిన్నె తేవాలని షూటింగు అయ్యాకే ఆవిడకి తట్టిందనీ ఆయన అనుకున్నారు. ఆ మిగల్చడం కెమెరా ముందే, ఆయన కోసమే మొదలైందని, దాన్నే ఇంత లోకం చూసి కొట్టుకుంటోందని, ఈ పగిలిన అద్దంలో ఆ చూపు చూసేదాకా తట్టనేలేదు.

"తిన్నారా అని అడుగుతోందమ్మా," అన్నారు.

"ఎవర్ని?"

భట్టిప్రోలు వచ్చేసింది. ఝాన్సీ లేచి, సంచి భుజాన వేసుకుని, ఆయన మొహంలోకి చూసింది. ఏం కనపడిందో గాని మళ్ళీ అడగలేదు. దిగి పోయేది కాస్తా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది, బండి కదిలేదాకా. అలా నిలబడిందంతే.

పల్లికోన దగ్గర ఆయనే ఫోన్ చేశారు. శివనాగరాజు మొదటి రింగుకే ఎత్తాడు.

"చెప్పండి బాబాయ్."

"వద్దురా."

"బాబాయ్, ఒక్కసారి ఆలోచించండి. పిన్ని మళ్ళీ కనపడుద్ది. మీకోసమే అడుగుతున్నా, నా కోసం కాదు."

"తెలుసు. నీ మీద నాకేం లేదు. వాళ్ళతో ఒక మాట చెప్పు. అందులో మందు లేదని చెప్పు. ఆ గిన్నెలో అన్నం తిన్నది నేను. ఆ రోజు, అక్కడే, ఇసుకలో కూచుని. బతికే ఉన్నా."

"మీరు వద్దంటే వాళ్ళు ఇంకెవరి మొహమో పెట్టుకుంటారు బాబాయ్," అన్నాడు మెల్లగా.

"పెట్టుకోనీ. అప్పుడా వంట వాళ్ళది. మీ పిన్నిది కాదు." కాస్త ఆగి, "ఆ నమూనా కూడా తీసెయ్యరా," అన్నారు. అది మాత్రం అనకుండా ఉండాల్సిందేమో. అనేశారు. ఇంక లేదు.

రేపల్లెలో దిగేసరికి చీకటి పడింది. స్టేషన్ బయట పుణుగుల బండి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు వాదించుకుంటున్నారు, చెత్త అని ఒకడు, నీకు తెలీదురా అని ఇంకొకడు, నూనె మరిగీ మరిగీ నల్లబడిన కంపు. ఆయన ఆగకుండా నడిచారు. ఎవరు ఏమన్నా ఇప్పుడు ఆ మాటలు గోడకవతల మాటల్లా ఉన్నాయి. కంపు మాత్రం ఒంట్లోనే ఉంది, ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది, తుఫాను తరవాత చేతులకి ఉన్నట్టు. వీధి మలుపు తిరగగానే ఎదురింటి జానీ బీ గుమ్మంలో లైటు వెలుగుతోంది. మహాలక్ష్మి పోయినప్పటి నుంచీ ఊరెళితే తాళంచెవి ఆవిడకే ఇచ్చి పోవడం అలవాటు.

"ఆలీసమైందే అన్నయ్యా. అన్నం పెట్టేశా మీ పొయ్యి మీదే. బండి ఎక్కి దిగి మళ్ళీ వండుకుంటారా ఏంటి?"

"నీకెందుకమ్మా శ్రమ."

"శ్రమేముంది, బియ్యం మీయ్యే, గ్యాసు మీదే. కాస్త ఎక్కువ పడ్డట్టుంది, చూసుకోండి. కోడిగుడ్డు పులుసు పంపనా?"

"పెరుగుంది. చాలమ్మా."

లోపల వంటింట్లో లైటు వేసి, కాళ్ళు కడుక్కుని, కంచం పెట్టుకున్నారు. ఆర్నెల్ల నుంచీ ఒక్కడికి సరిపడా చిన్న గ్లాసుతో కొలిచి వండుకోవడం, తిన్నవెంటనే గిన్నె తోమి బోర్లించడం, తెల్లారి సింకులో ఏమీ ఉండకూడదని. ఇవాళ అన్నం మెత్తగా ఉంది, ఉప్పు సరిపోయింది. పొద్దుటి నుంచీ తిప్పుతున్న కడుపు మొదటి ముద్దకి భయపడింది, రెండో ముద్దకి ఒప్పుకుంది. మాగాయ సీసాలో అడుగున ఉన్న ముక్క ఆవిడ పోయినేడు పెట్టిందే. దాన్ని తినకుండా మళ్ళీ సీసాలోనే ఉంచారు. గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకాస్త పెట్టుకున్నారు. ఇంకాస్త. గరిటె అడుగు తాకింది. పిడికెడు ఉంది. కలుపుకుంటే అయిపోతుంది. ఆయన గరిటె పక్కన పెట్టి, కంచం కడిగి తెచ్చి, గిన్నె మీద మూశారు. మూసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ తల పక్కకి తిప్పారు, ఎవరూ లేరని తెలిసే.

వంటింటి లైటు ఆర్పారు. వీధి గుమ్మం గడియ వేసి, ముందుగది లైటు కూడా ఆర్పి మంచం మీద ఒరిగారు. ఎదురింటి నుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు. ఈ ఇంట్లో ఆఖరి లైటు ఆరేదాకా జానీ బీ తన గుమ్మం వెయ్యదు. ఎప్పుడూ చెప్పలేదు, ఆయనా ఎప్పుడూ అడగలేదు. కాసేపటికి, పడుకున్నవాళ్ళెవరూ లేవకుండా, ఆ తలుపు మెల్లగా మూసుకుంది.